‘నువ్వు’ ఎవరికి? ‘మీరు’ ఎవరికి?
(సినిమా సంభాషణల్లో మర్యాద)

సినిమా చూసొచ్చాక హాస్టల్లో డైలాగులు చెప్పుకుని నవ్వుకుంటాం. ఎవరు ఎవరిని ‘మీరు’ అన్నారో, ఎవరిని ‘ఏరా’ అన్నారో మాత్రం పట్టించుకోం. భాషాశాస్త్రంలో అదే ఒక పెద్ద పాఠం.

పెనెలోపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ 1978లో మర్యాద గురించి ఒక సిద్ధాంతం చెప్పారు. ఎదుటివారి పరువు కాపాడుతూ మాట్లాడటమే మర్యాద అన్నారు. ఎంత కాపాడాలన్నది మూడు విషయాలను బట్టి ఉంటుంది: ఎవరిది పైచేయి, ఇద్దరి మధ్య దూరమెంత, అడిగే పని ఎంత బరువైనది. స్నేహితుణ్ణి పెన్ను అడగడం వేరు, ఆఫీసరును సంతకం అడగడం వేరు.

ఇంగ్లీషులో ‘యూ’ ఒక్కటే. తెలుగులో నువ్వు, మీరు, తమరు ఉన్నాయి. ఆ మాట వదిలేసినా ‘తిన్నావా’, ‘తిన్నారా’ అని క్రియ పట్టిస్తుంది. ఎటూ తేల్చుకోలేనివారు ‘భోజనానికి వెళ్దామా?’, ‘పని అయిందా?’ అని తప్పించుకుంటారు. ఇదీ ఒక మర్యాద ఉపాయమే!

మర్యాదగా మాట్లాడేవాళ్ళంతా మంచివాళ్ళని కాదు. బాపు తీసిన ‘ముత్యాల ముగ్గు’ (1975)లో రావు గోపాలరావు కాంట్రాక్టరు పాత్ర చూడండి. ముళ్ళపూడి వెంకటరమణ ఆ పాత్రకు రాసిన మాటలు ఎంత తాపీగా ఉంటే మనకు అంత భయం.

మా ఊళ్ళో మా తాతను భూస్వామి ఇంటి పదేళ్ళ పిల్లాడు ‘ఏరా’ అనేవాడు. తాత వాణ్ణి ‘దొరా’ అనేవాడు. వయసు లెక్కలోకే రాలేదు. సిద్ధాంతంలో ‘పైచేయి’ అన్న చోట మన ఊళ్ళలో కులం అని రాసుకోవాలి. తెలంగాణలో ‘అమ్మా, నువ్వు తిన్నావా’ అనడం అగౌరవం కాదు, దగ్గరితనం. అదే ‘నువ్వు’ కింది కులం ముసలాయన మీద పడితే దగ్గరితనం కాదు.

శేఖర్ కమ్ముల ‘లవ్ స్టోరీ’ (2021) ఈ ముడినే పట్టుకుంది. దళిత యువకుడు రేవంత్, భూస్వాముల ఇంటి అమ్మాయి మౌనిక. ఆమె సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం హైదరాబాదు వస్తుంది. నగరంలో ఇద్దరూ కలిసి డాన్సు సెంటరు నడుపుతారు. ఊళ్ళో అయితే ఆ చనువు ప్రాణం మీదికి వస్తుంది.

మరి నగరంలో అందరూ సమానమా? మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో మొదలైంది. అక్కడి ఆఫీసుల్లో మేనేజరును కూడా పేరు పెట్టి పిలుస్తారు. ఆ పలకరింపు ఇంగ్లీషులో సాగుతుంది కాబట్టి చిక్కు లేదు. గేటు దగ్గర తెలుగు మొదలవుతుంది. తండ్రి వయసున్న సెక్యూరిటీ ఆయన ‘సార్, మీ కార్డు’ అంటే, ఇరవై అయిదేళ్ళ ఉద్యోగి ‘ఆగవయ్యా, చూపిస్తా’ అంటాడు.

బ్రౌన్, గిల్మన్ అనే ఇద్దరు 1960లోనే ఒక సులువైన కొలత ఇచ్చారు. ఇద్దరూ ఒకరినొకరు ఒకేలా పిలుచుకుంటే సమానత. ఒకరు ‘నువ్వు’ అని ‘మీరు’ అనిపించుకుంటే అధికారం. ఆదివారం టీవీలో సినిమా వేసినప్పుడు నోటుబుక్కులో రెండు గళ్ళు గీసుకుని రాయండి. హీరో హీరోయిన్లను తర్వాత చూడొచ్చు. ముందు డ్రైవరు పాత్రనూ, ఇంటిపని చేసే ఆవిడ పాత్రనూ గమనించండి.