బీదవారి వంశచరిత్ర: చాప్లిను కుటుంబము

రాజుల వంశావళులు శాసనములలోను కావ్యములలోను నిలిచియున్నవి. చెప్పులు కుట్టువాని మనుమడు తన పూర్వులను ఎచ్చట వెదకవలెను? విక్టోరియా రాణి కాలపు ఇంగ్లాండు విషయమున ఈ ప్రశ్నకు ఉత్తరము కలదు.

1538వ సంవత్సరమునుండి ఆ దేశపు దేవాలయములలో బాప్తిస్మములు, వివాహములు, భూస్థాపనములు పుస్తకములలో వ్రాయబడుచు వచ్చెను. మన మిషను సంఘముల రిజిస్టర్లను చూచినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. 1837 జూలై 1వ తేదీనుండి ప్రభుత్వమే జనన మరణ వివాహములను నమోదు చేయసాగెను. వివాహపత్రములో వధూవరుల తండ్రుల పేర్లును వృత్తులును ఉండును గనుక ఒక్క కాగితముతో ఒక తరము వెనుకకు పోగలము. పదేండ్లకొకసారి జరుగు జనాభా లెక్కలలో 1841 మొదలు ఇంటింటివారి పేర్లు దొరకును. అయితే ఆ యేట పదునైదేండ్లు దాటినవారి వయస్సును అయిదులలోనికి తగ్గించి వ్రాయుమని ఆజ్ఞ. ముప్పదినాలుగేండ్లవాడు ముప్పదియేండ్లవాడయ్యెను! దానినిబట్టి పుట్టిన యేడు లెక్కించువాడు పొరబడక తప్పదు. 1851 లెక్కలలో పుట్టినయూరు కూడ చేర్చబడినది. తెలిసినదానినుండి తెలియనిదానికి వెనుకకు నడచుటయే ఈ పనిలో రాజమార్గము.

హాస్యనటుడైన చార్లీ చాప్లిను కుటుంబమును ఉదాహరణముగా గైకొందము. తల్లి హన్నా, లండనులో జోళ్లు కుట్టు హిల్ అను వాని కుమార్తె. ఆమెయు, ఆమె భర్త చార్లెసును సంగీతశాలలలో పాడుచు జీవించిరి. 1885 జూన్ 22వ తేదీన వాల్వర్తులోని సెయింట్ జాన్ దేవాలయమున వారి వివాహము జరిగినట్లు దాఖలా యున్నది. 1891 జనాభా లెక్కలలో హన్నా, పెద్దకుమారుడు సిడ్నీ, చిన్నవాడు చార్లీ వాల్వర్తులోని బార్లో వీథిలో కనబడుదురు. తండ్రి ఆ యింట లేడు.

చార్లీ జననపత్రము మాత్రము దొరకలేదు. బిడ్డ పుట్టినపుడు నమోదు చేయింపని తల్లిదండ్రులకు 1875నుండి జుల్మానా గలదు. అయినను 1889లో పుట్టిన యీ బాలుని పేరు ఎక్కింపబడలేదు. తాను ఏప్రిల్ 16న పుట్టితినని అతడు చెప్పుచుండెను. ఆ మే నెలలో ఒక సంగీతశాలా పత్రికలో వెలువడిన ప్రకటన 15వ తేదీ యనుచున్నది. 1952లో అమెరికావారు కోరగా బ్రిటిషు గూఢచారి శాఖవారు సోమర్సెట్ హౌసులోని రికార్డులు వెదకి రిక్తహస్తులైరి. అతడు స్మెతిక్ దగ్గర దేశదిమ్మరుల బండిలో పుట్టెనని తెలుపు ఉత్తరమొకటి అతని మరణానంతరము బయటపడినది. ఎన్నో యేండ్ల తరువాత వ్రాసిన ఉత్తరమును రిజిస్టరుతో సమానముగా మేము ఎంచజాలము.

జననపు పుస్తకములో లేనివాడు బీదల పుస్తకములలో స్పష్టముగా నున్నాడు. అనాథలకును పనిలేనివారికిని కూడుపెట్టి కఠినముగా పని చేయించు వర్కుహౌసులలో, వచ్చిన ప్రతివాని పేరు, వయస్సు, మతము, వచ్చిన దినము, పోయిన దినము వ్రాయబడుచుండెను. ఏడేండ్ల చార్లీ 1896 జూన్‌లో హాన్వెల్‌లోని బీదపిల్లల పాఠశాలకు పంపబడి 1898 జనవరివరకు అచ్చట నుండెను. సిడ్నీని నడుమనే ఎక్స్‌మవుత్ అను శిక్షణనౌకకు మార్చిరి. అన్నదమ్ములు విడిపోయిన కాలము ఈ తేదీలనుబట్టియే తెలియుచున్నది. తండ్రి మద్యపానముచే కాలేయము చెడి 1901 మే 9న, ముప్పదియెనిమిదేండ్లకే, సెయింట్ థామస్ ఆసుపత్రిలో మరణించెను.

1903 మే నెలలో తల్లికి మతి చలించెను. సిడ్నీ సముద్రముమీద నుండెను. పదునాలుగేండ్ల చార్లీ ఆమెను ఆసుపత్రికి నడిపించుకొని పోయెను. ఆమెను పిచ్చాసుపత్రికి పంపుటకై వ్రాసిన కాగితములో సాక్షిగా కుమారుని పేరును, అతని మాటయు నున్నవి: అమ్మ చనిపోయినవారిని గూర్చి మాటలాడుచున్నది, వారు కిటికీలోనుండి చూచుచున్నట్లు తలంచుచున్నది, అని. 1921లో కుమారులు ఆమెను కాలిఫోర్నియాకు రప్పించుకొనిరి. 1928లో అచ్చటనే ఆమె కన్నుమూసెను.