చీపురు పట్టే ముందు

"వరద వచ్చిన ఇళ్లు కడగడానికి యౌవనస్థులందరూ వెళ్తున్నారు. మా వాణ్ణి పంపమంటారా?" 2024 సెప్టెంబరులో మా సంఘంలో చాలామంది తల్లులు అడిగిన మాట ఇది. ఆ నెల 1వ తేదీ ఆదివారం బుడమేరు వాగు నీళ్లు విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటలను ముంచేశాయి. రోజుల తరబడి నిలిచిన నీళ్లు తీశాక ఇళ్లలో బురద మిగిలింది. ఫైరింజన్లు వచ్చి గొట్టాలతో కడిగాయి. కానీ బీరువా అరల్లో, మంచం కింద, పొయ్యి గట్టు మీద పేరుకున్న బురదను మనిషి చెయ్యే తీయాలి. అందుకే, పంపండి అనే చెప్పాను. ఇప్పుడూ అదే చెబుతాను. అయితే పంపే ముందు కొన్ని చూసుకోండి.

పద్నాలుగు, పదిహేనేళ్లు నిండని పిల్లల్ని బురదలోకి దింపొద్దు. వాళ్లకు చర్చిలోనే పని ఉంటుంది. బట్టలు సైజుల వారీగా సర్దడం, అన్నం పొట్లాలు కట్టడం కూడా సేవే. పెద్ద పిల్లలకు గమ్‌బూట్లు, రబ్బరు గ్లౌజులు కొనివ్వండి. కాళ్లకు పుండ్లు, గాయాలు ఉంటే ఆగమనండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ ఆ గాయాల గుండా తేలిగ్గా ఒంట్లోకి చేరుతుంది. టీటీ ఇంజెక్షన్ గురించి ముందే డాక్టరును అడగండి. తర్వాత రెండు, మూడు వారాల్లో జ్వరం వస్తే, వరద బురదలో పనిచేశాడని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. కరెంటు మెయిన్ ఆపారని పెద్దవాళ్లు చూసి చెప్పేదాకా పిల్లలు గడప దాటకూడదు. బ్లీచింగ్ పౌడర్‌నూ బాత్‌రూమ్ యాసిడ్‌నూ ఎప్పుడూ కలపకూడదు. వాటిలోంచి వచ్చే గాలి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

ఇవన్నీ ఒంటికి సంబంధించిన జాగ్రత్తలు. మనసుకు నేర్పాల్సింది ఇంకొకటి ఉంది. మన పిల్లలకు చెత్తలా కనిపించేది ఆ ఇంటావిడకు చెత్త కాకపోవచ్చు. ఉబ్బిపోయిన పెళ్లి ఆల్బమ్, అమ్మాయి పదో తరగతి మార్కుల జాబితా, పోయిన అత్తగారి చీర అందులో ఉండొచ్చు. "ఇది పారేయమంటారా అమ్మా?" అని అడిగాకే ఏదైనా బయట వేయాలి. తడిసిన ఫొటోలను విడదీయడానికి లాగొద్దని, సర్టిఫికెట్లను నీడలో ఆరబెట్టాలని చెప్పి పంపండి. దేవుడి పటమో, ఖురానో, బైబిలో కనబడితే ఇంటివాళ్ల చేతికే ఇవ్వాలి. వరద మతం చూసి రాలేదు. మనమూ చూసి వెళ్లకూడదు. వాళ్లు ప్రార్థన చేయమంటే చేద్దాం. అడగకపోతే పని చేసి వద్దాం. ఫోన్లు జేబులోనే ఉండాలి. సర్వం తడిసిన ఇంట్లో నిలబడ్డ మనిషికి, తన ఇల్లు ఎవరో ఫొటో తీయడం కన్నా అవమానం లేదు.

అబ్బాయిలకు పార, అమ్మాయిలకు గిన్నెలు అని పని పంచొద్దు. బురద ఎత్తడమూ, గిన్నెలు తోమడమూ ఇద్దరూ నేర్చుకోవాలి.

సాయంత్రం ఇంటికి రాగానే బట్టలు వేరుగా తీసి, వేడినీళ్లతో స్నానం చేయించి, పక్కన కూర్చోండి. ఎన్ని ఇళ్లు కడిగారని అడగొద్దు. ఎవరి ఇంటికి వెళ్లారు, వాళ్లు ఏం మాట్లాడారని అడగండి. కొందరు పిల్లలు ఆ రాత్రి సరిగా తినరు. ఎందుకని నిలదీయకుండా పక్కనే ఉండండి, చాలు.

చివరిగా ఒక్క మాట. పిల్లల్ని పంపి ఊరుకోకండి. పరాయి ఇంటి బురద ముందు అమ్మానాన్నలు వంగి పనిచేయడం చూసిన పిల్లలకు, సేవ గురించి వేరే పాఠం చెప్పనక్కర్లేదు. పాస్టర్ గారు పేర్లు రాసుకునేటప్పుడు మీ వాడి పేరుతో పాటు మీ పేరూ ఇవ్వండి.