సరిహద్దు పట్టణం మన తిరువూరు

ప్రియమైన తమ్ముళ్ళకు,

సాంఘికశాస్త్రంలో సరిహద్దు అనగానే మనకు వాఘా గుర్తొస్తుంది. 1947లో గీసిన ఒక గీత లాహోరును, అమృత్‌సర్‌ను రెండు దేశాలకు పంచింది. వాటి మధ్య దూరం సుమారు 50 కిలోమీటర్లే. మన వినగడపకు, తిరువూరుకు కూడా సరిహద్దు దగ్గరే. ఇది దేశాల మధ్యది కాదు, రాష్ట్రాల మధ్యది. ముళ్ళకంచె లేదు, సైన్యం లేదు. కానీ దీని కథ వాఘా కంటే పాతది.

ఎక్కడ ఉంది?

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో తిరువూరు ఒక రెవెన్యూ డివిజన్ కేంద్రం. అంతకుముందు కృష్ణా జిల్లాలో ఉండేది. అవతల తెలంగాణలోని ఖమ్మం జిల్లా. విజయవాడ నుంచి కొత్తగూడెం, భద్రాచలం మీదుగా జగదల్‌పూర్ వెళ్ళే 30వ నంబరు జాతీయ రహదారి తిరువూరు మీదుగానే పోతుంది.

గీత కథ

1766: నిజాంతో ఒప్పందం చేసుకొని ఈస్టిండియా కంపెనీ కొండపల్లి సర్కారును పొందింది. ఇటు కంపెనీ పాలన, అటు నిజాం పాలన అయింది.

1948: సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాదు భారతదేశంలో కలిసింది. అంతకుముందు రజాకార్ల దాడులకు తాళలేక ఎన్నో కుటుంబాలు గీత దాటి కృష్ణా జిల్లాలో తలదాచుకున్నాయి.

1953: అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. తిరువూరు అందులో, మధిర హైదరాబాదు రాష్ట్రంలో.

1956: నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. రాష్ట్రాల గీత జిల్లాల గీతగా మారింది.

2014: జూన్ 2న అది మళ్ళీ రాష్ట్రాల గీత అయింది.

గీత మార్చినవి, మార్చనివి

నిజాం కాలంలో అటు హాలీ సిక్కా, ఇటు ఇంగ్లీషు రూపాయి చెల్లేవి. సరుకు దాటితే కరోడ్‌గిరి సుంకం కట్టాలి. అటు సర్కారు కచేరీ భాష ఉర్దూ. అయినా ఇరువైపులా ఇళ్ళలో తెలుగే. పిల్లనిచ్చిపుచ్చుకోవడాలు ఆగలేదు. ఈనాటికీ మన ఇళ్ళలో సగం చుట్టరికాలు మధిర, సత్తుపల్లి వైపువే కదా!

నీటి సంగతి చూడండి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం జిల్లాలు దాటి మన ప్రాంతానికి వస్తుంది. మనం చివరి ఆయకట్టు. ఒకప్పుడు నీటి కోసం పై జిల్లా వైపు చూసేవాళ్ళం, ఇప్పుడు పై రాష్ట్రం వైపు చూస్తున్నాం. కృష్ణా నది యాజమాన్య బోర్డు 2014లో ఏర్పడింది ఇలాంటి పంపకాల కోసమే.

మనకెందుకు?

విభజన చట్టం ఉన్నత విద్యలో పాత ప్రవేశాల పద్ధతిని పదేళ్ళు కొనసాగించింది. 2024 జూన్ 2తో ఆ గడువు తీరింది. ఇప్పుడు ఒక విద్యార్థి ఎక్కడి స్థానికుడో ముఖ్యంగా వరుసగా ఏ ఊళ్ళలో చదివాడన్నదే చెబుతుంది. హాస్టలు పిల్లలం అమ్మమ్మ ఊళ్ళో కొన్నేళ్ళు, హాస్టల్లో కొన్నేళ్ళు చదివి ఉంటాం. అందులో ఒక ఊరు గీతకు అవతల ఉండవచ్చు. కాబట్టి ప్రతి తరగతికి స్టడీ సర్టిఫికెట్టు తీసుకొని భద్రంగా దాచుకోండి. కౌన్సెలింగు ముందురోజు పాత బడి వెతుక్కుంటూ బస్సెక్కే అవస్థ మీకు రాకూడదు.

గీతలు గీసేటప్పుడు మనల్ని అడగలేదు. వాటి మధ్య దారి తెలుసుకొని నడవడం మాత్రం మన చేతిలోనే ఉంది. ఆ దారి చదువే.

ఇట్లు
మీ హాస్టలు పూర్వ విద్యార్థి