మొదటి రెండు నిమిషాలు

పాఠ్యభాగ నేపథ్యం

చలనచిత్రం దృశ్యం, శబ్దం కలిసి కథ చెప్పే కళ. కథలోకి ప్రేక్షకుణ్ణి తీసుకుపోయే బాధ్యత ప్రారంభ సన్నివేశానిది. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురానికి చెందిన ఒక విద్యార్థి ముగ్గురు మిత్రులతో కలిసి ఒక థ్రిల్లర్ చిత్రానికి రెండు నిమిషాల ప్రారంభ సన్నివేశాన్ని సెల్‌ఫోనుతో చిత్రీకరించాడు. ఆ ప్రయత్నంలో తాను చేసిన పొరపాట్లను, మార్చుకున్న అభిప్రాయాలను తానే సమీక్షించుకుంటూ రాసిన వ్యాసమిది.

పాఠం

మా ఊరు ఆంధ్రప్రదేశ్‌కు ఉత్తరపు కొస. బాహుదా నది ఒడ్డున ఉన్న ఇచ్ఛాపురం దాటితే ఒడిశా రాష్ట్రంలోని గంజాం జిల్లా మొదలవుతుంది. మా అంగళ్ళలో తెలుగు, ఒడియా రెండూ వినిపిస్తాయి. ఇటు కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానం అనే మాటే అలా మారిందని పెద్దలు చెబుతారు.

ఇక్కడ సినిమా తీయవచ్చునన్న ఆలోచన మాకు 'పలాస 1978' చూసిన తరువాత కలిగింది. కరుణకుమార్ దర్శకత్వంలో 2020లో విడుదలైన ఆ చిత్రంలో మా వైపు మాటతీరు కథను నడిపే మనుషుల నోట వినిపించింది. అంతవరకు తెరమీద శ్రీకాకుళం యాస అంటే హాస్యపాత్రకు కేటాయించిన భాష అనే మేము అనుకునేవాళ్ళం. కళాశాల వార్షికోత్సవం దగ్గరపడింది. పూర్తి సినిమా తీసే శక్తి మాకు లేదు కనుక, లేని సినిమాకు ప్రారంభం మాత్రం తీద్దామని నిశ్చయించుకున్నాం. నలుగురం, ఒక సెల్‌ఫోను, అరువు తెచ్చుకున్న మూడుకాళ్ళ స్టాండు - ఇదే మా సరంజామా.

మొదట తీసినది ఇది. తెల్లవారుజాము. కొబ్బరితోటలో మంచు. ఒక ముసలివాడు నూతిలో చేద వేసి నీళ్ళు తోడతాడు. ఇత్తడి చెంబు ఎత్తి గటగట తాగుతాడు. కెమెరా అతని కంఠం మీద ఆగి, అక్కడినుంచి నూతి గట్టు దాటి, చీకటి నీళ్ళలోకి వంగుతుంది. నీళ్ళమీద అతని నీడ కదులుతుంది. భయంకరమైన సంగీతం పెరిగి ఒక్కసారిగా ఆగిపోతుంది. తెరమీద 'తేటనీరు' అని పేరు పడుతుంది. చిత్రీకరించినది మా మిత్రుని తాతగారి తోటలో. ముసలివాడిగా నటించినది వాళ్ళ పాలేరు. ఫోనులో చూసుకున్నప్పుడు మాకు ఒళ్ళు జలదరించింది. ఇంతకంటె గొప్ప ప్రారంభం మరొకటి ఉండదనుకున్నాం.

దాన్ని మొదట చూసిన ప్రేక్షకురాలు ఆ మిత్రుని మామ్మ. ఆమె భర్త మూత్రపిండాల వ్యాధితో రెండేళ్ళు డయాలసిస్ చేయించుకొని మరణించారు. ఆమె ఫోను చేతిలోకి తీసుకొని మొత్తం చూసింది. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది: "ఏటి బాబూ, ఇది మన నుయ్యే కదా! రేపు పిల్లకి సంబంధం సూడ్డానికొచ్చినోళ్ళు ఇది సూస్తే మన గడపలో మంచినీళ్ళు తాగుతారేటి?"

నాకు మొదట కోపం వచ్చింది. ఇది కల్పన కదా, కల్పనకు ఇన్ని ఆంక్షలు పెడితే కళ ఎలా బతుకుతుంది అని వాదించాను. ఇంటికి వెళ్ళాక ఆ వాదన నాకే నిలబడలేదు.

ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి గురించి 1990ల నుంచి వింటున్నాం. దేశవిదేశాల పరిశోధకులు వచ్చి నీటిని, మట్టిని, రక్తాన్ని పరీక్షించారు. భూగర్భజలం, ఎండలో పనిచేసేవారి శరీరంలో నీరు తగ్గిపోవడం, పురుగుమందులు, నొప్పిమాత్రలు, వంశపారంపర్యం - ఇలా అనుమానాలు అనేకం. ఇదే కారణమని తేల్చి చెప్పగల నిర్ధారణ మాత్రం జరగలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా తాగునీరు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. శాస్త్రజ్ఞులు ఇన్నేళ్ళు ప్రయత్నించి ఇంకా చెప్పలేకపోయిన దాన్ని మేము ఒక్క షాటుతో చెప్పేశాం. మేము ఒక్క మాట కూడా పలికించలేదు. కెమెరాను నూతిలోకి వంచి, దానిమీద సంగీతం పెట్టాం, అంతే. హంతకుడు నుయ్యి అని తీర్పు వెలువడింది. అది ఏదో ఊహాలోకపు నుయ్యి అయితే సరే. కాని ఆ నుయ్యి ఎవరిదో ఊరందరికీ తెలుసు.

సినిమాలో సాక్ష్యం అక్కరలేకుండానే నేరం మోపవచ్చునని నేను మొదటిసారి గ్రహించాను. వ్యాధి గురించి చిత్రం తీయకూడదని నేననడం లేదు. తీయాలి. అయితే రోగులతో, వైద్యులతో మాట్లాడి తీసే డాక్యుమెంటరీకి, ప్రేక్షకుణ్ణి భయపెట్టి కుర్చీలో కూర్చోబెట్టవలసిన రెండు నిమిషాలకు తేడా ఉంది. మేము వాళ్ళ కష్టాన్ని మా భయానికి ముడిసరుకుగా వాడుకున్నాం. ఆ రాత్రే నలుగురం కలిసి ఆ వీడియోను తొలగించాం. ఒకడు చివరివరకు ఒప్పుకోలేదు. అతని వాదనలోనూ కొంత న్యాయం ఉంది. ఆ షాటు నిజంగా బాగుంది.

అప్పుడు మా ఆంగ్ల అధ్యాపకులు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ చెప్పిన ఒక భేదాన్ని మాకు వివరించారు. 1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్సువా త్రుఫో హిచ్‌కాక్‌తో జరిపిన సుదీర్ఘ సంభాషణ 1966లో పుస్తకంగా వచ్చింది. అందులో ఆయన విస్మయం వేరు, ఉత్కంఠ వేరు అంటాడు. బల్లకింద బాంబు ఉన్నట్లు ప్రేక్షకుడికి తెలియకుండా అది పేలితే కొన్ని క్షణాల విస్మయం. ముందే తెలిస్తే, బల్లదగ్గర సాగే పనికిమాలిన కబుర్లు కూడా నిమిషాల తరబడి ఉత్కంఠను కలిగిస్తాయి. మాకు ఇది మా ఊరి ఉదాహరణతోనే బాగా అర్థమైంది. 2023 మే నెలలో గ్రానైటు రాయితో వెళ్తున్న లారీ బరువుకు బాహుదా నదిమీది బ్రిటిషు కాలపు వంతెన కూలిపోయింది. దాన్ని ఉన్నది ఉన్నట్లు తీస్తే విస్మయమే. వంతెన స్తంభంలో ఒక పగులును ముందుగా చూపి, తరువాత దూరంగా వస్తున్న లారీని చూపితే, ప్రేక్షకుడు మనసులోనే డ్రైవరును ఆగమని వేడుకుంటాడు. మా నూతి సన్నివేశంలో ఇటువంటిదేమీ లేదు. అందులో ఉన్నదంతా సంగీతం చేసిన హడావుడి.

ఆయనే మాకు ఆర్సన్ వెల్స్ తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్' ప్రారంభాన్ని చూపించారు. 1958 నాటి ఆ చిత్రం అమెరికా, మెక్సికో సరిహద్దు పట్టణంలో మొదలవుతుంది. ఒక చెయ్యి బాంబుకు సమయం అమర్చుతుంది. ఆ మనిషి దాన్ని ఒక కారు వెనుక పెట్టెలో పెట్టి పారిపోతాడు. విషయం తెలియని ఇద్దరు వచ్చి కారెక్కుతారు. బాంబు అమర్చినప్పటినుంచి మూడు నిమిషాలకు పైగా, ఎక్కడా కత్తిరింపు లేకుండా కెమెరా ఆ వీధుల వెంట సాగుతుంది. కారు ఆగుతుంది, మేకలు అడ్డం వస్తాయి, కారు పక్కనే ఒక కొత్త దంపతులు నడుస్తుంటారు. సరిహద్దు కాపలాదారులు తీరికగా కబుర్లాడతారు. కారు సరిహద్దు దాటిన తరువాత పేలుతుంది. చూస్తున్నంతసేపూ నాకు మా పురుషోత్తపురం చెక్‌పోస్టు, వరుసగా నిలిచిన లారీలు గుర్తుకొచ్చాయి. సరిహద్దు అనేది మేము పుట్టినప్పటినుంచి చూస్తున్నదే. దానిలో కథ ఉన్నదని మాత్రం తెలియలేదు.

రెండవ సన్నివేశం అలా పుట్టింది. సాయంకాలం. తోటలో కొబ్బరికాయలను గోనెసంచులకు ఎత్తుతున్నారు. కూలీలు అటు తిరగగానే ఒక చెయ్యి చిన్న గుడ్డమూటను ఒక సంచిలో దూర్చి, పైన రెండు కాయలు పేర్చి, కొబ్బరితాడుతో మూతి కడుతుంది. ఆటో డ్రైవరు వచ్చి, పాట కూనిరాగం తీస్తూ, ఆ సంచినే తన కాలిపక్కన పెట్టుకుంటాడు. ఆటో బయలుదేరుతుంది. దారిలో టీ తాగుతాడు. ఒక ముసలమ్మను ఎక్కించుకుంటాడు. ఆమె సంచిమీద చెయ్యివేసి కూర్చుంటుంది. చీకటిపడుతుంది. ఎదురుగా రోడ్డుకు అడ్డంగా ఒక వెదురుబొంగు, ఒక టార్చిలైటు. సంచి మూతి దగ్గరకు ఒక చెయ్యి వస్తుంది. అక్కడ పేరు పడుతుంది.

నిజమైన చెక్‌పోస్టు దగ్గర తీసే అనుమతి మాకు లేదు. పోలీసు దుస్తులు వేసుకొని రోడ్డుమీద నిలబడితే అది జనాన్ని మోసగించడమే అవుతుంది. అందుచేత తోటదారిలో వెదురుబొంగు కట్టి, ఒక మిత్రునికి ఖాకీ చొక్కా తొడిగి, మోచేతి వరకే కనిపించేటట్లు తీశాం. జాగ్రత్తపడ్డామనే అనుకున్నాం. ఇంతలో జీడిపిక్కల బస్తాలతో నిజమైన ఆటో ఒకటి వచ్చి మా బొంగు దగ్గర ఆగింది. నడివయసు డ్రైవరు దిగి, ఒక్క ప్రశ్న అయినా వేయకుండా, సీటుకింది నుంచి కాగితాలు తీసి మా వాడి చేతికి అందించాడు. అతని చెయ్యి కొద్దిగా వణుకుతున్నది. మాకు ఏమి చెప్పాలో తోచలేదు. క్షమాపణ చెప్పి, ఫోను చూపించి, ఇది సినిమా అన్నాం. ఆయన కాగితాలు మడుచుకుంటూ చాలా చీవాట్లు పెట్టాడు. మేము తలలు వంచుకుని విన్నాం.

కోపం తగ్గాక ఆయనే అడిగాడు, మా డ్రైవరు ఎవరని. మా మిత్రుణ్ణి చూపించాం. ఎలా నటిస్తాడో చేసి చూపించమన్నాడు. వాడు కళ్ళు పెద్దవి చేసి, ఖాకీ మనిషి ముఖంలోకి భయంగా చూశాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "మొహం ఎవుడు సూస్తాడు బాబూ? సెయ్యి సూస్తాం. ఆ సెయ్యి ఏటి అడుగుతాదో అని." మా సన్నివేశంలో అందరూ మెచ్చుకున్న షాటు అదే: డ్రైవరు కళ్ళు వెలుతురులో కదిలే ఆ చేతి వెంట మెల్లగా జరగడం. ఆ షాటు మాది కాదు, ఆయనది.

కూర్పు గురించి కొంత చెప్పాలి. మొదటిసారి 34 షాట్లతో, మూడు నాలుగు క్షణాలకొక కత్తిరింపుతో వేగంగా తయారు చేశాం. వేగమే ఉత్కంఠ అనుకోవడం మా అజ్ఞానం. చూసినవాళ్ళకు మూట ఏ సంచిలో ఉన్నదో గుర్తు లేకుండా పోయింది. గుర్తు లేకపోతే భయమెక్కడిది? చివరకు 11 షాట్లు మిగిలాయి. ప్రతిదానిలోనూ ఆ సంచి తెరమీద ఏదో ఒక మూల కనిపించాలని నియమం పెట్టుకున్నాం. టీ తాగే షాటులో డ్రైవరు మసకగా, సంచి స్పష్టంగా ఉంటుంది.

సంగీతం విషయంలో మాకు వెల్స్ చిత్రమే మార్గం చూపింది. 1958లో నిర్మాణసంస్థ ఆ ప్రారంభంమీద పేర్లు వేసి, హెన్రీ మాన్సినీ సంగీతాన్ని చేర్చి విడుదల చేసింది. తన చిత్రాన్ని ఎలా సరిదిద్దాలో వెల్స్ 58 పుటల లేఖ రాశాడు గాని, అప్పట్లో దాన్ని పూర్తిగా పాటించలేదు. ఆయన మరణించిన పదమూడేళ్ళకు, 1998లో, వాల్టర్ మర్చ్ ఆ లేఖ ప్రకారం చిత్రాన్ని మళ్ళీ కూర్చాడు. ప్రారంభంలో పేర్లు, సంగీతం తొలగి, వీధిలోని దుకాణాల పాటలు, కారు రేడియో మాత్రమే వినిపించాయి. మేము రెండు రూపాలూ చూశాం. నాకు రెండవదే నచ్చింది. సంగీతం మనను భయపడమని ఆజ్ఞాపిస్తుంది. వీధి శబ్దాలకు అక్కడేం జరుగుతున్నదో తెలియదు, అందుకే మనకు భయం. మేమూ సంగీతం తీసివేసి, ఆటో ఇంజను మోత, కొబ్బరిమట్టల గలగల, హౌరా-చెన్నై రైలుమార్గం మీద దూరంగా పోయే రైలు కూత మాత్రం ఉంచాం. కొబ్బరిమట్టల శబ్దం విన్నప్పుడు మా ఇంట్లో ఇప్పటికీ మాటలు ఆగిపోతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటిన తెల్లవారుజామున వినిపించినది అదే. ఆ సంగతి బయటివాళ్ళకు తెలియనక్కరలేదు. మా ఊళ్ళో చూసినవాళ్ళు మాత్రం ఆ చోట కదలకుండా కూర్చున్నారు.

లోపాలు లేకపోలేదు. ఒక షాటులో సంచికి కొబ్బరితాడు ఉంటే, తరువాతి షాటులో ప్లాస్టిక్ తాడు ఉంది. సందె వెలుతురు ఇరవై నిమిషాలకంటె నిలవదని తెలియక మూడు సాయంత్రాలు వృథా చేసుకున్నాం. వీటికంటె పెద్ద లోపాన్ని వార్షికోత్సవంలో ఒక మొదటి సంవత్సరం అమ్మాయి పట్టుకుంది. "అన్నయ్యా, మూటలో ఏముంది?" అని అడిగింది. మా నలుగురి దగ్గరా నాలుగు సమాధానాలున్నాయి. వెల్స్ ప్రేక్షకుడికి బాంబు అని తెలుసు. మా ప్రేక్షకుడికి ఏదో ఉన్నదని మాత్రమే తెలుసు. అది ఉత్కంఠా, ఉత్త కుతూహలమా? దాచడం వేరు, నిర్ణయించుకోకపోవడం వేరు. మేము రెండవది చేసి, మొదటిది చేశామని చెప్పుకున్నాం.

వార్షికోత్సవానికి ముందే మామ్మకు ఈ రెండవదాన్ని చూపించాం. వెళ్ళేటప్పుడు భయంగానే ఉంది. ఆమె ఈసారి కూడా చివరివరకు చూసింది. పేరు పడిన తరువాత ఫోను మా వాడికి తిరిగి ఇవ్వలేదు.

"ఆ ఆటో బాబుని ఏటి సేస్తార్రా?" అని అడిగింది.

ఇంకా రాయలేదు మామ్మా అన్నాం.

"పాపం, ఆడికేటీ తెల్దు. తొందరగా రాయండి" అన్నది.

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.

1. విద్యార్థి బృందం తాము తీసిన మొదటి సన్నివేశాన్ని ఎందుకు తొలగించింది? ఆ నిర్ణయాన్ని మీరు సమర్థిస్తారా? చర్చించండి.

2. విస్మయానికి, ఉత్కంఠకు గల భేదాన్ని పాఠం ఆధారంగా, మీ ఊరి ఉదాహరణతో వివరించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.

1. ఆటో డ్రైవరు విద్యార్థులకు నేర్పినదేమిటి?

2. 'దాచడం వేరు, నిర్ణయించుకోకపోవడం వేరు' - సందర్భాన్ని తెలపండి.

ఇ) మామ్మ మాటలను శిష్టవ్యావహారికంలోకి మార్చి రాయండి. మార్చినప్పుడు ఏమి పోయిందో తరగతిలో చెప్పండి.