సంక్రాంతికి ఊరెళ్తే, ఇంట్లో పిల్లి

చిరంజీవి బుజ్జికి,

పిల్లికి చోటే ధైర్యం. బల్ల కోళ్లకీ తలుపు అంచులకీ చెంపలు రుద్ది, తన వాసన అంటించి, ఇంటిని తనది చేసుకుంటుంది. అందుకే సంక్రాంతికి హైదరాబాదు నుంచి గోదావరి జిల్లాలకు వెళ్లే కుటుంబం, పిల్లిని బుట్టలో పెట్టి రాత్రంతా బస్సులో తిప్పడం కన్నా ఇంట్లోనే ఉంచి, రోజూ ఒక మనిషి వచ్చి చూసేలా ఏర్పాటు చేసుకోవడం మేలు. ఇందులో చాలామంది మరిచేది రెండో సగాన్నే. గిన్నె నిండా తిండి, బకెట్ నిండా నీళ్లు పెట్టి మూడు రోజులకు తాళం వేస్తారు. ఇది పెద్ద తప్పు.

తిండి చాలకపోవడం ఒక్కటే కాదు ప్రమాదం, పిల్లి తినడం మానేస్తే గమనించే కళ్లు లేకపోవడం కూడా. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుపోవడం మొదలవుతుంది. లావుపాటి పిల్లులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. మగపిల్లికి ఇంకొకటుంది: దాని మూత్రనాళం సన్నం. అది పూడుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అలాంటప్పుడు పిల్లి మాటిమాటికీ లిట్టర్ ట్రేలోకి వెళ్లి వంగి కూర్చుంటుంది, ముక్కుతుంది, మూలుగుతుంది, ఇసుక మాత్రం పొడిగానే ఉంటుంది. చూడటానికి వచ్చే మనిషికి ముందుగా నేర్పాల్సింది ఈ ట్రే చూడటమే. రోజుకు ఎన్ని తడి ఉండలు కడుతున్నాయో చెప్పి ఉంచితే, తేడా వచ్చిన రోజున వాళ్లే పట్టుకుంటారు.

ఆ మనిషి పిల్లికి కొత్త కాకూడదు. పక్క ఫ్లాట్ వారైతే, ప్రయాణానికి ముందు రెండు మూడు సాయంత్రాలు వచ్చి తమ చేత్తో తిండి పెట్టాలి. తాళంచెవితో పాటు పశువైద్యుడి ఫోన్ నంబరు రాసిన కాగితం ఇవ్వాలి. పిల్లిని తీసుకెళ్లే బుట్ట అటక మీద కాక, చేతికందే చోట ఉండాలి. నాలుగు నెలలు నిండని కూననూ, రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ పడాల్సిన పిల్లినీ ఇలా ఒక్కపూట చూపు మీద వదిలి వెళ్లకూడదు.

తిండి విషయానికొస్తే, పొడి తిండి గిన్నెలో ఉన్నా పాడవదు. తడి తిండి పెడితే మనిషి ఉండగానే తినిపించి గిన్నె తీసేయాలి. నీళ్లు వెడల్పాటి గిన్నెల్లో, ట్రేకి దూరంగా, రెండు మూడు చోట్ల పెట్టాలి. పాలు వద్దు, పెద్ద పిల్లుల్లో చాలావాటికి అవి అరగవు. పెరుగన్నంతోనే పిల్లిని సాకవచ్చన్న నమ్మకం మన ఇళ్లలో పాతది. కానీ పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం మాంసంలో, చేపల్లో దొరుకుతుంది. చాలాకాలం అది చాలినంత అందకపోతే చూపూ గుండే దెబ్బతింటాయి.

ఇల్లు సర్దడంలో సంక్రాంతి రోజుల్లో అన్నిటికన్నా ముందు వెతకాల్సింది గాలిపటాల దారం. పిల్లి నాలుక మీది ముళ్లు గొంతు వైపు వంగి ఉంటాయి. నోట్లోకి వెళ్లిన దారాన్ని ఉమ్మడం దానికి కష్టం, మింగుతూ పోతుంది. లోపల ఆ దారం పేగులను ముడతలు పెట్టి కోసేస్తుంది. నోటి నుంచో వెనక నుంచో దారం వేలాడుతుంటే లాగకూడదు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. పూలగుత్తుల్లో లిల్లీలుంటే బయట పారేయాలి. ఒంటి మీద రాలిన పుప్పొడిని నాకినా మూత్రపిండాలు పాడవుతాయి. గాలికి తలుపు మూసుకుని పిల్లి ఒక గదిలో, ట్రే మరో గదిలో మిగిలిపోకుండా తలుపులకు అడ్డు పెట్టాలి. బాల్కనీకి వల లేకపోతే ఆ తలుపు మూసి ఉంచాలి. తాళం వేసే ముందు బీరువా, వాషింగ్ మెషిన్ తెరిచి చూసి, పిల్లిని కళ్లారా చూశాకే బయటికి రావాలి.

తిరిగొచ్చాక అది ముఖం తిప్పుకోవచ్చు, కాళ్లకు అడ్డం పడుతూ రాత్రంతా అరవనూవచ్చు. ఎత్తుకోబోకుండా సూట్‌కేసు నేల మీద పెట్టి, వాసన చూడనివ్వాలి. తర్వాత ట్రే చూడాలి, ఎంత తిన్నదో పక్కింటివారిని అడగాలి. మర్నాటికి కూడా తిండి ముట్టకపోతే డాక్టరుకు చూపించాలి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ