సైన్స్ షో పిల్లలతో కలిసి చూడండి



నీళ్లు పోసిన పళ్లెంలో కొవ్వొత్తి వెలిగించి, పైన గాజు గ్లాసు బోర్లిస్తే నీళ్లు లోపలికి ఎక్కుతాయి. ఎందుకు? “ఆక్సిజన్ అయిపోయింది కాబట్టి” అని మా ఆరో తరగతి పిల్లలు ఒకేసారి చెప్పారు. వీడియోల్లో అలాగే విన్నారట!

క్లాసులో చేసి చూశాం. మంట వెలుగుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా కదల్లేదు. ఆరిపోయాకే గబగబా ఎక్కాయి. లోపలి వేడి గాలి చల్లబడి కుంచించుకుపోవడమే ముఖ్య కారణం. వీడియోలోనూ ఇది కనిపిస్తుంది. కానీ పిల్లలు విన్నారు, గమనించలేదు.

షో ఎంచుకునే ముందు చూడండి:
• ప్రయోగాన్ని మధ్యలో కత్తిరించకుండా పూర్తిగా చూపిస్తుందా?
• జవాబు చెప్పే ముందు ఆలోచించే సమయం ఇస్తుందా?
• ఇంట్లో ఉన్న వస్తువులతో చేసి చూడవచ్చా?

చిన్న తరగతులకు అరవింద్ గుప్తా వీడియోలు బాగుంటాయి. స్ట్రాలు, అగ్గిపుల్లలు, పాత కాగితాలతోనే సైన్స్ నేర్పిస్తారు. హైస్కూల్ పిల్లలతో కార్ల్ సాగన్ ‘కాస్మోస్’ (1980, 13 భాగాలు) గానీ, నీల్ డిగ్రాస్ టైసన్ చేసిన 2014 నాటి ‘కాస్మోస్’ గానీ చూడవచ్చు. షో ఇంగ్లిష్‌లో ఉన్నా, మీరు మాట్లాడుకునేది తెలుగులో కావచ్చు.

వారానికి ఇరవై నిమిషాలు చాలు. మధ్యలో ఆపి, “ఇప్పుడు ఏమవుతుందనుకుంటున్నావు?” అని అడగండి. జవాబు మీకూ తెలియకపోతే మరీ మంచిది, కలిసి వెతకవచ్చు.

ఈ ఆదివారం కొవ్వొత్తి ప్రయోగం చేయండి. మంట దగ్గర పెద్దవాళ్లు తప్పక ఉండాలి. నీళ్లు ఎప్పుడు ఎక్కాయో పిల్లలనే డైరీలో రాయమనండి.