ప్రపంచ యుద్ధాలు: ఏ పుస్తకం చదవాలి?

గ్రూప్స్‌కు సిద్ధమయ్యే వరంగల్ అభ్యర్థులు ప్రపంచ యుద్ధాల పుస్తకం కొనే ముందు చివరి పేజీల్లోని పదసూచిక తిరగేయాలి. హైదరాబాద్, హైఫా, విశాఖపట్నం కనిపించకపోతే అది మనకు సగం పుస్తకమే. అప్పట్లో వరంగల్ నిజాం రాజ్యంలోనిదే కదా!

హైఫానే గీటురాయిగా పెట్టుకోండి. 1918 సెప్టెంబర్ 23న ఆ పట్టణంపై గుర్రాలతో దాడి చేసింది జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు. హైదరాబాద్ లాన్సర్లు అదే 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడ్‌లో ఉన్నా ఆ దాడిలో పాల్గొనలేదు. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకం మాత్రం మూడు సంస్థానాల సైనికులదీ. ఈ తేడా చెప్పే రచయితను నమ్మవచ్చు.

మొదటి యుద్ధ కారణాలకు క్రిస్టఫర్ క్లార్క్ ‘ద స్లీప్‌వాకర్స్’ (2012) మంచిది. రెండో యుద్ధానికి నా ఓటు శ్రీనాథ్ రాఘవన్ ‘ఇండియాస్ వార్’కే. 1939–45 మధ్య భారత సైన్యం, ఆర్థికం, రాజకీయం మూడూ అందులో కలిసి నడుస్తాయి. ఎ.జె.పి. టేలర్ 1961 గ్రంథం వివాదాస్పదం, ఒంటరిగా చదవొద్దు.

గుర్తుంచుకోండి: విశాఖ, కాకినాడలపై జపాన్ బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న.